ఒకే పాట, మూడు రాత్రులు

మా నాన్న దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. విజయవాడ గవర్నరుపేటలో మేమున్న అద్దె ఇంట్లో, బీరువా మీద. ఆకాశవాణిలో వచ్చే కచేరీలను టేప్‌రికార్డరులో ఎక్కించుకుని, ఆ క్యాసెట్లన్నీ అందులో దాచేవారు. ప్రతి అట్ట మీదా నీలం సిరాతో తేదీ, పాడినవారు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు. ఆ కింద చిన్న అక్షరాల్లో నాన్న తీర్పు. "కల్యాణి నిండుగా వచ్చింది." "గొంతు అలిసింది." "మృదంగం కోసం వినాలి." రికార్డింగు పూర్తవగానే క్యాసెట్టు అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లల్ని స్క్రూడ్రైవరు మొనతో విరిచేసేవారు, పొరపాటున ఎవరూ దాని మీద సినిమా పాటలు ఎక్కించకుండా. ఆ టిక్కుమనే చప్పుడు వినబడిందంటే ఆ కచేరీ ఇక మా ఇంట్లోనే ఉండిపోతుందని అర్థం.

ఒకే విద్వాంసుడు, ఒకే కీర్తన, నాలుగు తేదీలు, నాలుగు క్యాసెట్లు. "ఉన్నదే కదండీ, మళ్లీ ఎందుకూ?" అనేది అమ్మ. "అది వేరు, ఇది వేరు" అనేవారు నాన్న. ఆయన బ్యాంకు ఉద్యోగి. కుర్రతనంలో పదేళ్లు మృదంగం నేర్చుకున్నారు. ఉద్యోగం వచ్చాక వాయించడం తగ్గినా, వినడం మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు.

2001 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ చేరాను. అక్కడ మా డిపార్ట్‌మెంటు ల్యాబు చూసుకునే పెద్దాయన ఒకరుండేవారు. మొదటిసారి ఆయన గదిలోకి వెళ్లినప్పుడు నా కళ్లు కంప్యూటర్ల మీద నిలవలేదు. గోడ పొడుగునా చెక్క అరల్లో క్యాసెట్లు. ఎక్కువగా మాక్సెల్ కంపెనీవి, 90 నిమిషాలవి. అట్టల మీద బాల్‌పెన్నుతో తేదీ, ఊరు, పాటల వరస. ఒకే పాట పేరు ఏడెనిమిది అట్టల మీద కనబడింది. ఇన్ని ఎందుకని అడిగాను. ఆయన ఇంగ్లీషులో చెప్పిన జవాబును తెలుగులోకి మారిస్తే, అక్షరం పొల్లుపోకుండా మా నాన్న మాటే: అది వేరు, ఇది వేరు.

అలా నాకు గ్రేట్‌ఫుల్ డెడ్ పరిచయమైంది.

ఈ బ్యాండ్ పేరు వినని వారి కోసం కొంచెం చెప్పాలి. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలై, 1995 ఆగస్టులో గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయే దాకా ముప్పై ఏళ్లు వాయించారు. 2,300కు పైగా కచేరీలు. ఏ రాత్రి ఏ పాటలు వస్తాయో ముందే నిర్ణయం ఉండదు. పాట మొదలైతే ఎంతసేపు సాగుతుందో, ఏ పాటలోకి జారుతుందో అదీ తెలియదు. మన వాళ్లు మనోధర్మం అంటారే, అదే వాళ్ల ప్రాణం. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లు వాళ్లకున్నాయి, కొన్ని నాకు ఇష్టం కూడా. కానీ ఈ బ్యాండ్‌ను ప్రేమించేవాళ్లు ఏ ఆల్బమ్ ఇష్టమని ఒకరినొకరు అడగరు. ఏ రాత్రి ఇష్టమని అడుగుతారు.

ఆ రాత్రులు మిగిలింది శ్రోతల వల్ల. మైకులు, టేప్‌రికార్డర్లు మోసుకొచ్చి, జనం మధ్యలో నిలబడి రికార్డు చేసుకునేవారు. బ్యాండ్ అడ్డుకోలేదు సరికదా, 1984 అక్టోబరు నుంచి వేదిక శబ్దాన్ని అదుపు చేసే సౌండ్ బోర్డు వెనకాల వాళ్లకోసం ప్రత్యేకంగా చోటు కేటాయించింది. షరతు ఒకటే, డబ్బుకు అమ్మకూడదు. ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా ఖర్చు పంపిస్తే ముక్కూ మొహం తెలియని మనిషి కూడా కాపీ చేసి పంపేవాడు. కాపీకి కాపీ తీసేకొద్దీ సర్రుమనే రొద పెరిగేది. అందుకే మన చేతికొచ్చింది ఎన్నో తరం కాపీ అన్నది అప్పట్లో పెద్ద విషయం.

ల్యాబు పెద్దాయన నాకు ఇచ్చిన మొదటి క్యాసెట్టు 1970 మే 2 నాటిది. దానికి కారణం ఉంది. ఆ కచేరీ జరిగింది మా యూనివర్సిటీలోనే. అప్పటికీ దాన్ని చాలామంది పాత పేరుతో హార్పర్ కాలేజీ అనేవారు. మేము రోజూ దాటి వెళ్లే వెస్ట్ జిమ్‌లో వాయించారు. పెద్దాయన ఆ రాత్రి అక్కడున్నారు, పంతొమ్మిదేళ్ల విద్యార్థిగా. అమెరికా సైన్యం కంబోడియాలోకి వెళ్తోందని అధ్యక్షుడు నిక్సన్ టీవీలో ప్రకటించి అప్పటికి రెండు రోజులు. కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నలుగురు విద్యార్థులు కాల్పుల్లో చనిపోవడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ రికార్డింగులో 'వయోలా లీ బ్లూస్' వినండి. నింపాదిగా నడుస్తున్న పాట కొంచెం కొంచెంగా వేగం పుంజుకుని, ఎద్దుల బండి కాస్తా రైలైనట్టు, ఆ రైలు కూడా పట్టాలు వదిలేసినట్టు తయారవుతుంది. చివరికి స్వరాలే ఉండవు, గిటార్ల నుంచి, స్పీకర్ల నుంచి ఒక పెద్ద హోరు. ఆ హోరు చల్లారాక అందరూ కలిసి చిన్న గొంతులతో వీడ్కోలు పాట పాడతారు. ఈ కచేరీని పాత కచేరీల టేపులతో వచ్చిన 'డిక్స్ పిక్స్' వరసలో ఎనిమిదో సంపుటిగా విడుదల చేశారు. క్యాసెట్టు విన్న మర్నాడు ఆ జిమ్‌లోకి వెళ్లాను. బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. గోడ పక్కన కాసేపు నిలబడి వచ్చాను.

కోర్నెల్ మాట ఎత్తకుండా ఈ టపా పూర్తి చేయలేను. 1977 మే 8, ఆదివారం, ఇథాకాలోని కోర్నెల్ యూనివర్సిటీ, బార్టన్ హాల్. అభిమానుల్లో ఎక్కువమందిని లేపి అడిగినా చెప్పే తేదీ ఇది. కచేరీ అయ్యాక జనం బయటికొచ్చేసరికి మంచు కురుస్తోందట, మే నెలలో. ఆ రాత్రి అంత పేరు తెచ్చుకోవడంలో సగం పుణ్యం బెట్టీ కాంటర్-జాక్సన్ అనే రికార్డింగు ఇంజనీరుది. ఆమె టేపులు వింటే ఎవరి వాద్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు. ఆ టేపులే ఒక గోదాములో అద్దె బకాయిల కింద 1986లో వేలానికి పోయాయి. కొన్నవాళ్ల దగ్గర నుంచి కాపీలు అభిమానుల్లోకి పాకాయి. లోకమంతా వింటున్న కోర్నెల్ కచేరీ అసలు టేపు ఏళ్ల తరబడి బ్యాండ్ దగ్గరే లేదు. దాన్ని తిరిగి సంపాదించి, సరిగ్గా నలభై ఏళ్లకు, 2017 మేలో అధికారికంగా విడుదల చేశారు. అంతకు ముందే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో దీన్ని చేర్చుకుంది.

అదే రాత్రిని జనం మధ్యలో నిలబడి పట్టిన రికార్డింగు కూడా ఉంది. అది అంత శుభ్రంగా ఉండదు, కానీ హాలు ఎంత పెద్దదో చెవికి తెలుస్తుంది. రెండిట్లో ఏది గొప్పదన్న వాదన తెగేది కాదు. నేను మాత్రం రెండూ కావాలంటాను. నాన్న ఒకసారి శ్రీరామనవమి పందిట్లో కచేరీ రికార్డు చేశారు. మధ్యలో ఒక పసిపిల్ల ఏడుపు, ఎవరో "వెనక్కి జరగండి బాబూ" అనడం, అన్నీ అందులో పడ్డాయి. ఆ చోటు దగ్గర పడుతుండగానే నాన్న ముందుగా నవ్వేవారు. కోర్నెల్‌లో రెండో భాగం మొదలయ్యే ముందు గిటారిస్టు బాబ్ వీర్ మైకులో, ముందు వరసలవాళ్లు నలిగిపోతున్నారు, ఒక అడుగు వెనక్కి వేయండని జనాన్ని బతిమాలతాడు. అది విన్నప్పుడల్లా నాకు నవమి పందిరి కనబడుతుంది.

ఆ వెంటనే వచ్చే 'స్కార్లెట్ బిగోనియాస్', 'ఫైర్ ఆన్ ది మౌంటెన్' జంట కోసమే చాలామంది ఆ కచేరీ వింటారు. రెండూ కలిపి 25 నిమిషాలకు పైనే. ఒకటి ఎక్కడ ముగిసిందో, రెండోది ఎక్కడ మొదలైందో గీత గీయలేం. ఈ రెండో పాట పుట్టుక మనవాళ్లు తెలుసుకోవలసిన సంగతి. బ్యాండ్ డ్రమ్మర్ మిక్కీ హార్ట్‌కు తబలా విద్వాంసుడు అల్లారఖా అంటే గురుభావం. అల్లారఖా కుమారుడు జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లో 'దిగా రిథమ్ బ్యాండ్' పేరుతో ఒక ఆల్బమ్ చేశాడు. అందులో 'హ్యాపీనెస్ ఈజ్ డ్రమ్మింగ్' అనే తాళవాద్య రచన ఉంది, గార్సియా గిటారుతో. 'ఫైర్ ఆన్ ది మౌంటెన్' ఆ బీజం నుంచి మొలిచిందే. 1977 మార్చిలో మొదటిసారి వేదికెక్కింది. కోర్నెల్ నాటికి దాని వయసు రెండు నెలలు కూడా లేదు.

చదువయ్యాక ఉద్యోగం న్యూజెర్సీలో. నాలుగైదేళ్లుగా మేము కొందరం నెలకోసారి ఒకరింట్లో కలుస్తున్నాం. ఒకాయన ఇథాకాలోనే పుట్టి పెరిగినవాడు, కోర్నెల్ పక్షం. మరొకామె ఆరెగాన్ నుంచి వచ్చింది. ఆమెకు 1972 ఆగస్టు 27, వెనెటా తప్ప ఇంకేదీ ఆనదు. అప్పుల్లో ఉన్న ఒక పెరుగు డెయిరీని ఆదుకోవడానికి బయలు మైదానంలో, మండుటెండలో చేసిన కచేరీ అది. టికెట్లు పెరుగు డబ్బాల లేబుళ్ల మీదే అచ్చు వేశారు. ఆ వేడికి గిటార్ల శ్రుతి నిలవలేదు. అయినా సాయంత్రం వాయించిన అరగంట 'డార్క్ స్టార్' మీద నాకు కూడా గౌరవమే. ఆ డెయిరీ ఇప్పటికీ నడుస్తోంది. ఆమె ఇంటికి వెళ్తే ఆ పెరుగే పెడుతుంది.

2024 అక్టోబరులో బేస్ గిటారిస్టు ఫిల్ లెష్ చనిపోయారు. డిసెంబరులో జాకిర్ హుస్సేన్. ఆ తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో ఇథాకా మిత్రుడి ఇంటి నేలమాళిగలో కలిసినప్పుడు ఎవరికీ మామూలుగా వాదించుకునే ఉత్సాహం లేదు. అప్పుడు ఆయనే ఒక ప్రతిపాదన చేశాడు. ఏ కచేరీ గొప్పదన్న మాట పక్కన పెడదాం. ఒకే పాట తీసుకుందాం, మూడు రాత్రులవి. తేదీ చెప్పకుండా వరసగా వేస్తాను, విన్నాక మాట్లాడదాం.

పాట 'మార్నింగ్ డ్యూ'. బానీ డాబ్సన్ అనే కెనడా గాయని 1960ల మొదట్లో రాసింది. అణుయుద్ధం తర్వాత మిగిలిన ఇద్దరి మధ్య సంభాషణ. పొద్దున్నే మంచుబిందువుల్లో నడుద్దాం రమ్మని ఒకరు, ఇక అలా నడవలేమని ఇంకొకరు. గ్రేట్‌ఫుల్ డెడ్ దీన్ని చాలా మెల్లగా, ఒక్కో స్వరానికీ చోటిచ్చి వాయిస్తారు. పాడటం అయిపోయాక చివర్లో గిటారు ఒంటరిగా బయల్దేరి ఎక్కడికో వెళ్లి వస్తుంది. ప్రతిసారీ వేరే చోటికి.

వెనెటాలో ఆ పాట వాయించలేదు. ఆరెగాన్ ఆమె ఆ మాట గట్టిగానే గుర్తు చేసి, అయినా కళ్లు మూసుకుని కూర్చుంది.

మొదటిది రెండు పాదాలు దాటేసరికే గుర్తుపట్టాను. పియానో లేదు. గార్సియా గొంతులో గరుకు, తొందర. ఇద్దరు డ్రమ్మర్లు భుజం భుజం రాసుకుంటూ వాయిస్తున్నారు. హార్పర్ కాలేజీ, 1970. అప్పటికి గార్సియాకు 27 ఏళ్లు. ఆ కోపం నాకు ఎప్పుడూ ఆ తేదీ నుంచి వేరుగా వినబడదు. బయట వార్తల్లో యుద్ధం పెరుగుతుంటే, విద్యార్థుల ముందు నిలబడి లోకం అంతమైపోయిన పాట పాడుతున్నాడు.

రెండోది లండన్, లైసియం, 1972 మే 26, యూరప్ యాత్రలో ఆఖరి రాత్రి. 'యూరప్ 72' ఆల్బమ్‌లో చివరి పాటగా వచ్చింది ఇదే. ఇందులో డ్రమ్మర్ ఒక్కడే, బిల్ క్రూట్జ్‌మన్. బ్యాండ్ వ్యవహారాలు చూసిన మిక్కీ హార్ట్ తండ్రి డబ్బు కాజేశాడు. ఆ తలవంపు తట్టుకోలేక హార్ట్ 1971లో తప్పుకున్నాడు. జరిగింది బాధాకరమే. కానీ అతను తిరిగొచ్చే దాకా, ఆ దాదాపు నాలుగేళ్లూ బ్యాండ్ శబ్దంలో ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి కీత్ గాడ్‌చాక్స్ పియానో వచ్చి కూర్చుంది. క్రూట్జ్‌మన్ ఒక దెబ్బ వేసి ఊరుకుంటే, తర్వాతి దెబ్బ దాకా మనం ఊపిరి బిగబట్టి ఉంటాం. ఇరవై ఏళ్లుగా నా ఓటు ఈ రాత్రికే. ఆ రోజు కూడా దానికే వేశాను.

మూడోది కోర్నెల్. దాదాపు 14 నిమిషాలు. చివరి గిటారు ప్రయాణం ఎంత చిన్నగా మొదలవుతుందంటే, మా మిత్రుడు శబ్దం తగ్గించాడేమోనని ఎవరో వెనక్కి తిరిగి చూశారు. గార్సియా రెండు మూడు స్వరాల దగ్గరే తిరుగుతుంటాడు. కింద లెష్ బేస్ ఒక్కో మెట్టూ వేస్తుంటుంది. తర్వాత గిటారు తీగలన్నిటినీ ఒకేసారి గబగబా మీటడం మొదలవుతుంది. అది పెరిగి పెరిగి, ఇక పెరగడానికి చోటు లేనప్పుడు అందరూ ఒక్కసారిగా దిగుతారు. ఇక ఏదైనా ఒకటేననే అర్థం వచ్చే ఆఖరి మాట ఆ హోరు మీద నిలబడి పాడతాడు. పాట ఆగాక నేలమాళిగలో ఎవరూ కుర్చీ కదపలేదు. లెష్ మీటిన ఆ కింది మెట్ల కోసమే అందరం విన్నామని నాకు అనిపించింది.

ఓట్లలో కోర్నెల్ గెలిచింది. నేను ఒప్పుకోలేదు. ఇద్దరు డ్రమ్మర్లుంటే పాటలో గాలి ఆడదని వాదించాను. ఈ విషయంలో తీర్పు చెప్పదగిన మనిషి నాకు తెలిసినవారిలో ఒక్కరే ఉన్నారు. ఆ రాత్రే మూడు ఫైళ్లూ నాన్నకు పంపించాను.

నాన్నకు ఇప్పుడు 79. అమ్మ పోయాక మొగల్రాజపురంలో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. ఈ బ్యాండ్ గురించి ఆయనకు ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాను. హార్ట్, జాకిర్ హుస్సేన్ కలిసి 1991లో చేసిన 'ప్లానెట్ డ్రమ్'లో విక్కు వినాయకరామ్ ఘటం ఉందని చెప్పిన రోజు మొదటిసారి ఆసక్తిగా విన్నారు. నేను సెలవులకు వెళ్లినప్పుడు ఈ బ్యాండ్ పాట 'ది ఎలెవెన్' వినిపిస్తే, మోకాలి మీద వేళ్లతో లెక్కపెడుతూ కాసేపటికి తలెత్తి, "మూడు మూళ్లు, ఒక రెండు. పదకొండు. బాగా కట్టారమ్మా" అన్నారు. 'ఎస్టిమేటెడ్ ప్రాఫెట్' వేస్తే ఏడు అక్షరాలని వెంటనే పట్టేశారు. మిశ్రచాపులా మూడూ నాలుగుగా విడదీయాలా, నాలుగూ మూడుగానా అని ఆ పూటంతా దాంతోనే గడిపారు.

వారం రోజులు ఏ కబురూ లేదు. శనివారం రాత్రి నేను ఫోన్ చేసేసరికి అక్కడ ఆదివారం పొద్దున. కాఫీ తాగి కూర్చున్నట్టున్నారు.

"విన్నారా నాన్నా?"

"ఒక్కొక్కటి నాలుగుసార్లు విన్నానమ్మా. రాసుకున్నాను, ఉండు." కళ్లద్దాల పెట్టె మూత తీసిన చప్పుడు. కాగితం చప్పుడు. "మొదటిది, ఆవేశం ఎక్కువ. పాట కోసం కాదు, ఆ కుర్రాడి కోసం వినాలి. రెండోది, లయ నిలకడ. పియానో ఆయన మంచివాడు."

మంచివాడంటే నాన్న భాషలో పక్కవాద్యం ఎరిగి వాయించేవాడని. నా ఓటు గెలిచిందనుకున్నాను.

"మూడోది," అని ఆగారు. "ఇద్దరు వాయిస్తున్నారు కదా ఇందులో?"

"అవును. అందుకే నాకు..."

"ఇద్దరూ తగ్గారమ్మా. ఆ గిటారాయన చిన్నగా మొదలుపెట్టాడు చూడు, అక్కడ. ఒకడు తగ్గడమే కష్టం. ఇద్దరూ ఒకేసారి, ఒకేలా తగ్గారు. తర్వాత ఆయన్ను ఎత్తుకుని వెళ్లారు గానీ తోసుకుంటూ వెళ్లలేదు. మళ్లీ విను."

ఫోను పెట్టగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. గిటారును వదిలేసి డ్రమ్ములను మాత్రమే పట్టుకుని. ఇరవై ఏళ్లుగా నాకు తెలుసనుకున్న చోట, ఎడమవైపు డ్రమ్ముల పక్కనుండే ఒక సింబల్ పళ్లెం అంచు మీద కర్ర ఆనీ ఆననట్టు తాకుతోంది. కుడివైపు దాదాపు ఏమీ లేదు. అలా నిమిషాల పాటు ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చోటు వదులుతూనే ఉన్నారు. నేను గాలి ఆడదన్నది ఈ చోటినే.

లండన్ మీద నా ఇష్టం తగ్గలేదు. ఇథాకా మిత్రుడికి మాత్రం ఫోన్ చేసి నాన్న అన్నది అన్నట్టు చెప్పాను. ఆయన నోట్సులో రాసుకుంటానని ఇంకోసారి చెప్పించుకున్నాడు.

మరుసటి వారం నాన్నే ముందు ఫోన్ చేశారు.

"ఆ మూడోది మే 8 అన్నావు. 9న కూడా వాయించారా?"

"బఫెలోలో వాయించారు. దాన్ని కోర్నెల్ కంటే గొప్పదనేవాళ్లు కూడా ఉన్నారు."

"మరి 7న?"

"బోస్టన్‌లో."

"రెండూ పంపు. అట్ట మీద వరస తప్పకూడదు."